ఖాతూన్‌బీ మూడుమూలల మిషను

ఏందే హాసినీ, ఆ డబ్బాలో? ఇట్ల తే, చూస్తా. ఉండు, అద్దాలు యాడ బెడ్తినో... ఓ, ఇదా! బ్రెడ్డు కాల్చే మిషను గదా. ఇడుపులపాయ కాలేజీకి తీస్కపోతావా? రూములో పెట్టుకోనిస్తారా వాండ్లు? ఏమో తల్లీ, నీ ఇష్టం. బ్రెడ్డులో ఉర్లగడ్డ కూరి కాల్చుకుంటావు, అంతే గదా? నవ్వాకు, ఊరికే అడగలేదు. మన సందులోనే దీంతో పొద్దుగూకులూ వంట చేసుకోని బతికిన మనిషుండె. ఖాతూన్‌బీ. నీకు గుర్తుండదులే, అప్పుడు నువ్వు చెడ్డీ జారిపోతా తిరుగుతాంటివి. మా గోడకానుకోని పచ్చమేడ లేదూ, లాల్ బాషాది? ఆయప్పకు అక్క. లాల్ బాషాది అంటాండా చూడు, నా నోరు పడిపోను. అందరూ అనీ అనీ నాకూ అదే వచ్చేస్తాది. ఆ మేడ కట్టిచ్చింది ఖాతూన్‌బీ. కువైట్లో ఎవురిండ్లల్లోనో వండీ, తోమీ, తుడిచీ కట్టిచ్చింది. ఆయప్ప చీరలంగడీ అంతే, ఆయప్ప కూతురు సాజియా పెండ్లీ అంతే.

ఆయమ్మను జమ్మలమడుక్కు ఇచ్చింటిరి. మొగుడు ఇంగొకదాన్ని తెచ్చుకున్యాడు. తెచ్చుకోని, ‘నువ్వూ ఉండు, ఆమె కూడా ఉంటాది, నాకేం’ అన్యాడంట. ఈమె చెప్పులేసుకోని బస్సెక్కి పొద్దుటూరికొచ్చేసింది. అప్పటికి నాయన పోయినాడు, లాల్ బాషా బడికి పోయే పిల్లోడు. ఇంగ ఎవురు చూడాల? విమానమెక్కింది. మల్ల ఎన్నేండ్లో. నడమ నడమ వచ్చేది, మెత్తని దుప్పట్లూ సెంటు సీసాలూ తెచ్చి సందంతా పంచేది, పొయ్యేది. మా ఇంటికొస్తే నేను రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి చెయ్యాల. ‘శివక్కా, ఆడ నేను అందరికీ వండుతా, నాకు వండేదానివి నువ్వొగదానివే’ అనేది. కడాకు మోకాళ్లు పోయినాయి. నమాజుకు కూడా కుర్చీలో కుచ్చోవాల. అప్పుడు, ఇంగ చాలనుకోని వచ్చేసింది.

వచ్చిన మర్సునాడు పొద్దున జరిగింది చెప్తా ఇను, నాకు ఆయమ్మే చెప్పింది. లేసి వంటింట్లోకి పోయి టీకి గిన్నె పెట్టిందంట. తమ్ముని పెండ్లాము దిల్షాద్‌బీ వచ్చి, మాట కూడా పెద్దగా అనలే, గ్యాసు ఆపేసింది. ‘ఆపా,’ అక్కను అట్లే అంటారు వాండ్లు, ‘మీరెందుకు? కుచ్చోండి. నా వంటింట్లో ఇంగొకరు చెయ్యి పెడితే నాకు పని తోచదు’ అనిందంట. నగుతానే. ఖాతూన్‌బీ కూడా నగి వచ్చి కుచ్చునింది. టీ వచ్చింది, పొద్దెక్కినంక ఎప్పుడో. మల్ల టిఫిను, అందరూ తిన్నాక. అట్ల కొన్ని దినాలు నడిచింది. ఒగసారి వాండ్లంతా పులివెందల్లో పెండ్లికి పోతా వంటింటికి బీగమేస్కపోయిరి. దొంగలు పడి గరిటెలు ఎత్తకపోతారనేమో! ఆ పొద్దు మా ఇంట్లో తినింది. చెయ్యి కడుక్కోని, ‘శివక్కా, నా పెట్లో ఒగ మిషనుండాది’ అనింది.

అదే, ఇట్లాందే. కువైటు మేడమ్ము కొత్తది కొనుక్కోని పాతది ఈమెకిచ్చినాది. లోపల మూడుమూలల గుంతలు, పైనా కిందా. ఖాతూన్‌బీకి వాండ్లిచ్చిన గది ఉండాది చూడు, వీధి పక్కది, స్కూటరు పెట్టేదానికి కట్టిన కొట్టం అది. అయినా గోడకు ప్లగ్గుండె. ఆడ మొదలుపెట్టింది. ‘రెండు పెనాలు మూతిమూతి ఆనించినట్ల గదా ఇది. పెనం మీద అయ్యేది దీంట్లో ఎందుక్కాదు?’ అనేది. రోంత నూనె పూసి దోసెపిండి పోసి మూసేస్తే పొంగి మూడుమూలల బూరె మాదిరి వచ్చేది. దాని మీద ఎర్రకారం పూసి మల్ల మూసేది, వాసనకు సందు చివర అంగట్లో కుచ్చున్నోళ్లు తలకాయలు తిప్పేవాళ్లు. రాత్రి మిగిలిన అన్నంలో ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ తరిగేసి, గుడ్డు కొట్టి వత్తితే కరకరా అనేది. నేనిచ్చిన సద్దిసంగటి బిళ్లలు కోసి కాల్చేది. వంకాయను రెండు ముక్కలు చేసి దాంట్లో అదిమేది, పొట్టు నల్లగైతే తీసి ఉప్పూ చింతపండేసి నలిపేది. చపాతిపిండిలో బెల్లమూ కొబ్బరీ పెట్టి... అది తింటే నువ్వు నీ చదువు మర్చిపోతావు. వంటయినంక ఆ వేడి మూత మీదనే పాతగుడ్డ మడిచిపెట్టి, మోకాళ్లకు కాపడం పెట్టుకునేది. అన్నమొగటి ఉడకదు దాంట్లో. అది నేను గోడ మీంచి గిన్నెతో అందిస్తాంటి. పప్పు పొయ్యమంటావా అంటే, ‘వద్దక్కా, అన్నమొగటి చాలు, కూర నాదే’ అనేది. పౌరుషం.

సాజియా కూతురు సుమయ్యా ఆ పొద్దుల్లో ఈడే ఉండె, నీ అంతదే. ఆ బిడ్డ మేడ మీద బిరియానీ ఇడిసిపెట్టి ముసలామె గదిలోకి దూరేది. దిల్షాద్‌బీకి ఆడ మొదలైంది మంట. మల్ల రంజానొచ్చింది. ఖాతూన్‌బీ మైదాపిండి రేకులొత్తి, నడమ ఖీమా పెట్టి, మిషన్లో కాల్చి సాయంత్రం ఇఫ్తారుకు సందులో ఇంటింటికీ పంపిచ్చింది. మాకూ వచ్చినాయి. తిని గమ్మునుండొచ్చు గదా మనోళ్లు? పండగ రోజు దిల్షాద్‌బీ సేమ్యా పట్టుకోనొస్తే ఎదురింటి మున్నీ నిలబెట్టి చెప్పింది. ‘ఏం చెయ్యమ్మా మీ ఆపాది! ఇంత మేడలో ఇంత వంటిల్లు పెట్టుకోని మీరెవురూ ఇంత రుచి చెయ్యలేదు పో!’ మున్నీకి నోరు ఊరుకోదు, తెల్సుగదా. దిల్షాద్‌బీ మొగం ఆ సేమ్యా మాదిరి తెల్లగైపోయింది.

శ్రావణంలో నేను గండికి పోయి ఆంజనేయసామిని చూసుకోని వచ్చేతలికి, ఖాతూన్‌బీ మిషను కొంగు కింద పెట్టుకోని మా గడప మీద కుచ్చోనుంది. ‘శివక్కా, నా గదికి కరెంటు పోయింది’ అనింది. సందులో అందరికీ ఉండాది, మేడంతా ఎలుగుతాంది, ఈ గదికొగదానికే పోయింది! వైరు కోయించినారు. ఏమంటే, ముసలామె మర్సిపోయి ఇల్లు తగలబెడతాదంట. జీవితమంతా ఊరోళ్ల పొయ్యిల కాడ నిలబడిన మనిషి! ‘మా ఇంట్లో పెట్టుకో, నా వసారా నీదే’ అంటి. నాలుగు దినాలు చేసిందో లేదో, లాల్ బాషా వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన. ‘శివక్కా, మా ఇంటి సంగతి మీకెందుకు? మా ఆపాకు మేము కూడు పెట్టడం లేదని ఊరంతా అనుకోవాల్నా?’ అన్యాడు. నేను నోరు తెరిచేలోపల ఖాతూన్‌బీ పిలిచింది. ‘లాలూ, ఇట్రా. నీ మేడ నాకొద్దు. ఆ వంటింట్లో నాకొగ మూల చూపీ. పొద్దున నా టీ నేను పెట్టుకుంటా. అంతే.’ ఆయప్ప చేతిలో ఫోను చూసుకుంటా నిలబడినాడు. ఫోను మోగలేదు, ఏం లేదు, ఊరికే చూసుకుంటా. కడాకు, ‘దిల్షాదును అడిగి చెప్తా’ అని పాయ.

అంతే. ఆయమ్మ ఇంగ మల్ల అడగలే. వారం తిరక్కుండా కువైటుకు పంపే ఏజెంటు అమీర్ బాషా కాడికి పోయి వచ్చింది. నేను తిడితి. ఆ మోకాళ్లతో మెట్లెక్కలేవు, బుద్ధుందా నీకు, ఈడే నా ఇంట్లో పడుండు అంటి. ఏమనిందో తెల్సా? ‘నీ ఇంట్లో ఉంటే నా తమ్ముని పరువు పోతాది శివక్కా. ఆడికి పోతే ఎవురి పరువూ పోదు. ఆడ తిడతారు, నిజమే. దినమంతా నిలబెడతారు. కానీ పొద్దున లేస్తానే పొయ్యి నాది. ముట్టాకు అనేవాళ్లుండరు.’ అట్ల అని కండ్లనీళ్లు కూడా పెట్టలే. నేనే ఏడ్చింది. మిషను గదిలోనే ఇడిసిపెట్టి పోయింది, దిల్షాద్‌బీ దాన్ని పాతినుము బండోనికి వేసేసింది. సుమయ్యా ఆ బండెనక ఏడ్చుకుంటా పరిగెత్తింది.

మల్ల ఏడాదికి ఫోనొచ్చింది. కువైట్లో, వంటింట్లోనే, నిలబడిన మనిషి నిలబడినట్లే కూలిపోయిందంట. ఇంటికి తెస్తారేమో, ఒగసారి మొగం చూద్దామని నేను గడపలో కనిపెట్టుకోనుంటే, లాల్ బాషా సందులో అందరికీ చెప్తాండాడు: ‘అంత దూరం నుంచి ఏం తెస్తాం, కాయితాలూ అవీ శానా తిప్పలు, ఆడే మట్టి చేసేయమన్యా.’ అట్ల చెప్పినాడమ్మా. నాకేం నోరు లేదా? ఉంది. ఆ పొద్దు రాలే.

నలభయ్యో దినం మాత్రం ఘనంగా చేసినారు. సందంతా పిలిచిరి. పిలిచినాక పోకుంటే ఎట్ల, ఆ మనిషి పేరు మీద చేస్తాంటే. నీళ్లకని లోపలికి పోతే వంటిల్లు కనపడింది నాకు. పక్కింట్లో ఇన్నేండ్లుండి మొదటిసారి చూస్తి. నల్లబండలు మెరుస్తాండాయి, మూడు పొయ్యిల గ్యాసు, గోడ పొడుగునా అల్మార్లు, కిటికీ పక్కన ఖాళీ బండ, దాని మీద ఒగ గిన్నె కూడా లేదు. దిల్షాద్‌బీ గరిటె పట్టుకోని, కండ్లు తుడుచుకుంటా వచ్చింది. ‘తినండక్కా, మా ఆపాకు ఖీమా అంటే ప్రాణం. నా చేత్తో చేసినా’ అని నా ఇస్తట్లో వడ్డించింది. నేను దిల్షాద్‌బీ మొగం చూడలే. ఆ ఖాళీ బండనే చూస్తాంటి. అంత జాగా ఉండెనే, హాసినీ. అంత జాగా...

...

పో పో, మీ యమ్మ పిలుస్తాంది. పోయేటప్పుడు ఆ గేటు ఎయ్, కుక్కలు దూరతాండాయి.