మోడల్‌కి తెలియని వాన

వాతావరణ పరిశోధన కేంద్రం, మూడో అంతస్తు. కంప్యూటర్లో వానల్ని లెక్కగట్టే మోడల్ నడిపే అక్క గదిలోకి, వరదగోడ కట్టిస్తున్న ఇంజినీరు తమ్ముడు ఫైలు పట్టుకుని వచ్చి పది నిమిషాలైంది.

“సంతకం పెట్టక్కా. పన్నెండింటికి మీటింగ్. అక్కడంతా నాకోసం కాచుక్కూచున్నారు.”

“పెట్టనన్నాగా.”

“పోయినవారం సరేనన్నావు.”

“పోయినవారం వేరు.”

“ఏం వేరు? నదీ అదే, ఊరూ అదే. మూడు మీటర్ల గోడ చాలని మీ మోడలే చెప్పింది.”

“చాలదు.”

“చాలదంటే ఎలా? పునాదులు తవ్వేశాం. గోడ వెనక నాలుగొందల ఇళ్ళు...”

“ఆ ఇళ్ళ కోసమే చెప్తున్నా. ముందు కూర్చో.”

“కూర్చునే టైం లేదు. చెప్పు.”

“చలికాలం తుపాన్లలో వాన అంతటా ఒకేలా పడదు. చల్లగాలీ వెచ్చగాలీ కలిసేచోట సన్నటి పట్టీలా పడుతుంది. అక్కడ కుండపోత, పక్కూళ్ళో చినుకులు. మా మోడల్ నేలని గళ్ళుగా విడగొట్టి లెక్కేస్తుంది, ఒక్కో గడి వంద కిలోమీటర్లు. అంత సన్నటి పట్టీ దానికి కనపడదు. ఆ వానంతా గడి నిండా పరిచేసి, రెండ్రోజులు తుంపర కురిపిస్తుంది.”

“ఏడాది మొత్తం సరిపోతోందన్నావుగా?”

“మొత్తం సరిపోతుంది. మొత్తంతో ఇళ్ళు మునగవురా. ఒక్కపూట వానతో మునుగుతాయి.”

“మరి గేజుల్లో కొలిచిన వానతో పోల్చి చూశామని రిపోర్టులో రాశారే? అచ్చుగుద్దినట్టు సరిపోయిందని?”

“సరిపోనివి తీసేశాం కాబట్టి సరిపోయింది.”

“ఏంటీ?”

“మోడల్లో వాన రోజుకి తొంభై మిల్లీమీటర్లు దాటదు. అంతకు మించిన రీడింగులు తప్పని కొట్టేశాం. పదకొండు.”

“ఏ గేజువి?”

“మంచినీళ్ళు తాగుతావా?”

“ఏ గేజువక్కా?”

“కొండమీదిది.”

“నాన్న రోజూ ఎక్కి రీడింగు రాసిన గేజా?”

“ఊ.”

“దొంగ లెక్కలు రాశాడని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది ఈ పదకొండింటికేనా?”

“వీటికే.”

“నాన్నవని తెలిసే కొట్టేశావా?”

“మేం స్టేషన్ నంబర్లే చూస్తాం. మనుషుల్ని చూడం.”

“నేనూ నమ్మానక్కా. ‘కొండెక్కలేక ఇంట్లో కూర్చుని రాసుంటావులే’ అన్నాను, మొహమ్మీదే. ఆ రోజునుంచి నాతో మాట్లాడ్డం మానేశాడు.”

“తెలుసు.”

“ఇప్పుడెలా తెలిసింది, ఆయన రాసింది నిజమని?”

“ఆయన్ని తీసేశాక అక్కడ మిషన్ పెట్టారు. మొన్న గురువారం తుపానుకి ఒక్కరోజులో రెండొందల ఏడు మిల్లీమీటర్లు చూపించింది. మిషన్ ఇంట్లో కూర్చుని రాసిందనలేంగా.”

“అంటే ఆ వానల్లో నాన్న తడుస్తూ కొండెక్కి...”

“పదకొండుసార్లూ ఎక్కాడు.”





“గోడ పని ఆపించేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ. నువ్వు ఒక్కటి చెప్పు. నాన్న మీద ఫిర్యాదు రాసిందెవరు?”

“అదిప్పుడెందుకు?”

“కావాలి. ‘ఇంత వాన పడటం అసాధ్యం, మనిషే అబద్ధం రాశాడు’ అన్నవాళ్ళెవరో కాగితం మీద పేరుంటుందిగా?”

“ఉంది.”

“ఈ ఆఫీసువాళ్ళేనా?”

“ఊ.”

“పద, గది చూపించు. ఆ మనిషి మొహమ్మీదే అడుగుతాను.”

“ఎక్కడికీ వెళ్ళక్కర్లేదురా. అడుగు. నీ ఎదురుగానే ఉన్నాను.”