మామ పెంచిన కందిరీగలు

"కందిరీగ అనగానే చూరుకింద గూడు పెట్టి జనాన్ని కుట్టేదనుకుంటారు మీరు. నేను పెంచినవి అవి కావయ్యా, ఆవగింజలో సగం ఉంటాయి," అంటూ మామ టీ కొట్టు బల్ల మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. "మా అల్లుడి చిక్కుడు తోట సంగతి తెలుసుగా. ఈగ పిల్లపురుగులు ఆకు లోపల దూరి తొలిచేస్తున్నాయి, ఆకు నిండా తెల్లటి వంకర గీతలు. కిందటి పంట దానికే పోయింది. ఇదీ పోతే మళ్లీ లారీ తోలుకుంటానని తను, సామాన్లతో మా ఇంటికొచ్చేస్తానని మా అమ్మాయి. ఇదుగో, పక్కనే ఉన్నాడు, అడగండి."

"అంతవరకూ నిజమే," అన్నాడు అల్లుడు.

"మందు కొట్టొద్దన్నాను. ఆకులో ఉన్న పురుగుని వెతికి, దాని మీదే గుడ్డు పెట్టే కందిరీగ ఒకటుంది. దాని పిల్ల ఆ పురుగునే తినేస్తుంది. అందుకని గీతలున్న ఆకులు కోసి గాజు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుట్టాయి చూడు, సీసా నల్లబడిపోయింది."

"సీసా మొత్తమా?" అన్నాడు టీ కొట్టాయన.

"మొత్తం. తేనె నాకించి పెంచాను. లే అంటే లేచేవి, కూర్చో అంటే కూర్చునేవి. తోటలో గుడ్డ విప్పానో లేదో, పురుగుల్ని చెవి పట్టుకుని బయటికి లాగాయి. అక్కడితో ఊరుకున్నాయా? పురుగుమందుల కొట్టు మీదికెళ్లి షట్టరు దించేదాకా కదల్లేదు. ఆయన నా కాళ్ల మీద పడితే ఈల వేసి వెనక్కి పిలిచాను. వస్తూ వస్తూ దారిలో చెడిపోయిన బస్సుని కూడా తోసుకొచ్చాయి."

"బస్సునా?"

"నిండు బస్సు కాదులేవయ్యా, సగం ఖాళీ."

అందరూ నవ్వారు. అల్లుడు మాత్రం నవ్వలేదు.

"మామయ్యా, బస్సు సంగతి వదిలెయ్యండి. సీసాలో పుట్టినవాటి వీపు మీద ఏ రంగుంది?"

"పసుపు చుక్క, బంగారు బిళ్ల కుట్టినట్టు. మహారాజుల్లా ఉన్నాయనుకో."

"మీరు చెప్పిన కందిరీగకి పసుపు చుక్క ఉండదు, ఒళ్లంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ చుక్క ఆకు తొలిచే ఈగది. మీరు తేనె పోసి పెంచింది ఈగల్ని." అల్లుడు మామ వైపు పూర్తిగా తిరిగాడు. "ఒట్టేసి చెప్పండి, సీసా మొత్తం నా తోటలోనే వదిలారా?"

మామ అటూ ఇటూ చూశాడు.

"మొత్తం ఎక్కడిది అల్లుడూ," అన్నాడు చిన్నగా. "ఏదో, నాలుగో అయిదో."