సిమ్ పెట్టెలో ఉందన్నావు

రాజోలులో ఒక నెట్ సెంటరు. ఇంజనీరింగ్ కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు సాయంత్రం. సౌజన్య ఫోన్ స్పీకర్‌లో పెట్టి తల్లితో మాట్లాడుతోంది. పక్కన సెంటరు నడిపే రాజేంద్ర.

“...అది కాదమ్మా. వాట్సాప్‌లో రాదు. మామూలు మెసేజ్‌లో వస్తుంది. ఆరంకెల ఓటీపీ.”

“నాకేం రాలేదే.”

“నీ ఇండియా సిమ్‌కి వస్తుంది. నువ్వు కువైట్ వెళ్ళకముందు అప్లికేషన్‌లో ఆ నంబరే ఇచ్చేం కదా.”

“ఆ సిమ్ తీసి పెట్టెలో పడేసేనే. ఇక్కడ మేడం ఇంట్లో వైఫై ఉంది కదా అని.”

“అయితే తీసి ఫోన్లో వెయ్యి. ఇప్పుడే.”

“ఇప్పుడంటే... మేడం పిలుస్తోంది.”

“అమ్మా! ఆరింటికి సైటు మూసేస్తారు. ఓటీపీ కొడితేగాని తెరుచుకోదు. తెరుచుకోకపోతే కాలేజీలు పెట్టుకోలేను. పెట్టుకోకపోతే ఏ సీటూ రాదు. నా ర్యాంకుకి కాకినాడ గవర్నమెంటు కాలేజీ వచ్చేస్తుందంటున్నారమ్మా అందరూ.”

“నంబరు మార్చెయ్యమను. నాయనమ్మది పెట్టమను.”

“నమస్తే కనకరత్నం అక్కగారూ, రాజేంద్రనండి, నెట్ సెంటరు.”

“ఆయ్, నమస్తే తమ్ముడుగారూ.”

“నంబరు మార్చాలంటే కాకినాడ హెల్ప్‌లైన్ సెంటరుకి వెళ్ళాలండి. ఇప్పుడు బయల్దేరితే అక్కడ వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. ఇంతకీ మీ సిమ్‌కి రోమింగ్ వేయించేరాండి?”

“అంటేనండి?”

“అది లేకపోతే కువైట్‌లో మన సిమ్ ఉత్త ప్లాస్టిక్ ముక్కేనండి. మెసేజ్ రాదు.”

“అలాంటివేం వేయించలేదండి.”

“మరింకేం. అయిపోయింది.”

“అలా అనకండి రాజేంద్రగారూ! ఏదో ఒకటి చెయ్యండి, మీకు దణ్ణం పెడతాను.”

“రోమింగ్ ఇక్కడినుంచి నేను వేస్తానమ్మా. ముందు ఆవిడ సిమ్ వెయ్యాలి కదా.”

“విన్నావా అమ్మా? సిమ్ వెయ్యి చాలు.”

“పెట్టె తాళం మేడం దగ్గరుందే.”

“అయితే ఫోన్ ఆవిడకివ్వు. ఇంగ్లీషులో నేనే బతిమాలతాను.”

“ఆవిడ పడుకుందే.”

“ఇప్పుడే పిలుస్తోందన్నావు!”

“పిలిచి పడుకుంది.”

“పిలిచి పడుకోవడమేంటమ్మా?”

“సౌజన్యా, కొంచెం నెమ్మది. బయట వింటున్నారు.”

“విననివ్వండి! అమ్మా, నాకోసమే వెళ్తున్నానన్నావు. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఇంజనీరు తల్లినైపోతానన్నావు. ఒక్క తాళం అడగలేవా? ఒక్క తాళం! ఏడుస్తున్నావా? నువ్వెందుకేడుస్తావు? ఏడవాల్సింది నేను.”

“మళ్ళీ పంపమను.”

“ఏంటి?”

“ఆ ఆరంకెల నంబరే. మళ్ళీ పంపమను రాజేంద్రగార్ని.”

“రోమింగ్ ఇంకా వెయ్యలేదండి అక్కగారూ, ఎలా—”

“పంపండి తమ్ముడుగారూ. మీకు పుణ్యముంటుంది.”

“ఆయ్, నొక్కేను. నొక్కితే ఏం లాభం, అది మీకు...”

“ఏడు, ఒకటి, ఒకటి—”

“ఉండండుండండి! ఏడు, ఒకటి, ఒకటి...”

“నాలుగు, సున్నా, తొమ్మిది.”

“తెరుచుకుంది! సౌజన్యా, తెరుచుకుంది! చెప్పమ్మా, మొదటిది కాకినాడేగా? సౌజన్యా! ఫోన్ వైపు చూస్తావేంటి, టైం లేదు. కాకినాడేనా?”

“ఆయ్. కాకినాడే. కంప్యూటర్స్.”

“పెట్టేను. తర్వాత?”

“ఇదిగోండి, వరసగా రాసుకొచ్చేను. మీరు కొట్టెయ్యండి. అమ్మా.”

“పడిందా? కాకినాడ పడిందా?”

“పడింది. రోమింగ్ లేదన్నావు.”

“అన్నీ పడ్డాయో లేదో సరిగ్గా చూసుకోవే.”

“సిమ్ పెట్టెలో ఉందన్నావు. తాళం లేదన్నావు.”

“సేవ్ చెయ్యమను. మర్చిపోతారేమో.”

“చేసేనండి అక్కగారూ. అన్నీ సేవ్ అయ్యేయి. నేను... బయట టీ తాగొస్తానమ్మా.”

“అమ్మా, నువ్వెక్కడున్నావు?”

“నాయనమ్మకి చెప్పకే.”

“ఎక్కడున్నావమ్మా?”

“కువైట్ విమానం నేనెక్కనే లేదే. మెడికల్ టెస్టులో పనికిరానన్నారు. మండపేటలో ఉన్నాను, రైసుమిల్లులో.”