కుడి చేతికి గోరింటాకు

హాల్లో చాప మీద అక్కాచెల్లెళ్ళు, మధ్యలో గోరింటాకు గిన్నె. మధ్యాహ్నం మూడు గంటలు.

"ఎడం చెయ్యి కాదే, కుడి చెయ్యి పట్టు."

"అక్కా, రేపు కోసేది ఆ చెయ్యే కదా. గడ్డ ఉన్న చేతికి గోరింటాకేంటి?"

"గడ్డ మణికట్టు మీదుంది. దాన్ని తప్పించి పెట్టు. దాని మానాన అది ఉంటుంది."

"రేపు డాక్టరు తిడితే?"

"అడిగాను. పెట్టుకోమ్మా అన్నాడు. ఎడం చేతి గోళ్ళకి మాత్రం వద్దన్నాడు, వేలికేదో క్లిప్పు తగిలిస్తారట."

"కోసే చేతికి పెట్టుకోమని, కొయ్యని చేతికి వద్దన్నాడా? ఇదెక్కడి డాక్టరు?"

"పెద్ద చదువులు చదివినవాడు. మనకేం తెలుస్తుంది? కోన్ తీసుకో. నా కుడి చెయ్యి పండగా ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"చూసే ఉంటాను... లేదు. ఎందుకు చూళ్ళేదు?"

"ఎడం చేతికి నేనే పెట్టుకుంటాను. కుడి చేతికెవరు పెడతారు? ఇరవయ్యేళ్ళుగా ఈ ఇంట్లో కూచుని ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి పెట్టానో. ఇది మాత్రం ఎప్పుడూ బోసిగానే ఉండిపోయింది."

"నన్నడగొచ్చుగా."

"నువ్వు పెడితే కోడి కెలికినట్టుంటుంది."

"మరి ఇవాళ?"

"ఇవాళ కెలికించుకోవాలని బుద్ధి పుట్టింది. పొడి ఎన్నిసార్లు జల్లించావు?"

"రెండుసార్లు. అప్పటికే చేతులు పడిపోయాయి."

"అలాంటి మాటలు అనకు."

"ఊరికే అన్నాలే అక్కా."

"మూడుసార్లు జల్లించమని చెప్పానా లేదా? అదిగో, కొసలో నలక అడ్డుపడింది. గుండుసూదితో తీసెయ్. అయ్యో, అంత గట్టిగా నొక్కకు, ముద్దలా పడుతోంది."

"ఆగు, తుడిచేస్తాను."

"త్వరగా తుడువు, మరక పడిపోతుంది. కొస చర్మానికి ఆనించకు. కాస్త పైనుంచి దారంలా జారనివ్వు. ఆఁ, అలా. చల్లగా హాయిగా ఉందే. ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలీనే తెలీదు."

"ఈ తీగ వంకరగా వచ్చింది."

"రానీలే. ఓ ఆకు వేస్తే వంకర కనపడదు. నాకు మాత్రం మొదట్లో తిన్నగా వచ్చాయా? పెట్టగా పెట్టగా చెయ్యి తిరుగుతుంది. వచ్చేవారం మన వీధి టైలరమ్మ కూతురి పెళ్ళికి నువ్వెళ్ళి పెట్టు."

"నేనా? నువ్వే పెట్టాలని వాళ్ళు ఆర్నెల్ల ముందే చెప్పుకున్నారు. అప్పటికి నీ కుట్లు విప్పేస్తారుగా."

"విప్పరేమో. నేను పక్కన కూచుని చెప్తూ ఉంటాను, నువ్వు పెట్టు. ఆ కోన్ల డబ్బా కూడా నీ దగ్గరే ఉంచుకో."

"అన్నీ నాకు అప్పజెప్తున్నావేంటి? నాకు భయంగా ఉందక్కా."

"భయం నాకూ ఉంది. నువ్వు కానివ్వు, అదే పోతుంది."

"తీగ మోచేతి దాకా సాగదియ్యనా?"

"వద్దు. మోచేతికి నాలుగు వేళ్ళు కిందే ఆపెయ్. అక్కడ పొద్దున్నే వాళ్ళు పెన్నుతో గీత గీస్తారు."

"గడ్డ మణికట్టు మీదుంటే గీత అక్కడెందుకు?"

"నిమ్మరసంలో పంచదార కలిపావా?"

"కలిపాను. గీత అక్కడెందుకక్కా?"

"దూది ఇలా ఇవ్వు. ఆరిపోతే రాలిపోతుంది."

"నేనద్దుతాలే. గీత..."

"గట్టిగా రుద్దకు, పైపైన అద్దు. రాత్రికి గోకేస్తే సరి, నీళ్ళు తగలకూడదు."

"నువ్వు అందరికీ చెప్పేదేగా. రేపటికి నారింజ రంగు, ఎల్లుండికి గాని ముదరదు. బాగా పండుతుందిలే, ఎల్లుండి నువ్వే చూద్దువుగాని."

"ఎల్లుండి నేను చూడనే. ఆ గీత దాకా చెయ్యి తీసేస్తారు రేపు. ఒప్పుకున్నట్టు సంతకం కూడా దీంతోనే పెట్టాను. ఇంతమంది చేతులు పండించిన చెయ్యి, బోసిగా పోవడమెందుకని అడిగితేనే ఆ డాక్టరు పెట్టుకోమ్మా అన్నాడు. చిటికెన వేలు మిగిలిపోయింది, పెట్టు."