ఏ శాఖకూ చెందని పాఠం: వెంకోబారావు గారికి అభినందన

1956 జూలై 9వ తేదీన శ్రీ వెంకోబారావు గారు ఆదోనిలోని మా కళాశాలలో చరిత్రోపన్యాసకులుగా చేరారు. మాధవరంలో దేవాలయ సేవాపరుల ఇంట జన్మించిన వారు రాజుల యుద్ధాలను ఎంత శ్రద్ధగా బోధించేవారో, మన వీధులకు ఆ పేర్లెలా వచ్చాయో అంతే శ్రద్ధగా విద్యార్థులచేత ఊళ్లో అడిగించేవారు. ఆ ఆసక్తే 1978లో చరిత్ర, తెలుగు, అర్థశాస్త్రాలను కలిపిన ‘మన సీమ సంస్కృతి’ అనే కోర్సుగా రూపుదిద్దుకుంది.

అయితే అది ఏ శాఖదో ఎవరికీ తెలియలేదు. చరిత్రవారు తెలుగు శాఖను అడగమనేవారు. తెలుగువారు అర్థశాస్త్రం వైపు చూపేవారు. హాజరుపట్టీ మూడు గదులూ తిరిగి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద విశ్రమించేది. 1983లో తెలుగు ఉపన్యాసకురాలిగా చేరిన నన్ను వెంకోబారావు గారు ఆ తరగతికి పంపినప్పుడు, నేను బోధించవలసినదేమిటో నాకూ బోధపడలేదు.

మరుసటి ఏడు కోర్సుల తనిఖీకి విశ్వవిద్యాలయ సంఘం వచ్చింది. ఏ శాఖా బాధ్యత తీసుకోకపోతే కోర్సు రద్దే. ఆ రోజు తరగతి ఎమ్మిగనూరులో, నేతపని చేసే గోవిందయ్య గారింట్లో; సంఘం వారూ అక్కడికే వచ్చారు. ఆ గంట రెండు శాఖల కాలపట్టికల్లోనూ పడడంతో, మగ్గం ముందు నిలబడి నేను నేతపాటల గురించీ, అర్థశాస్త్రం చెప్పే రంగనాథ గారు నూలు ధరల గురించీ ఒకేసారి మొదలుపెట్టాం. ఇద్దరమూ ఆపలేదు. గోవిందయ్య గారి భార్య ఈరమ్మ మగ్గం గుంతలోంచి తలెత్తింది.

“ఏమప్పా, ఇద్దరూ ఒకేపారి సెప్తాంటే పిల్లోల్లు ఎవరి మాట ఇనాల? ఆడ కూసున్న పెద్దసారే మేలు, నోరే తెరవల్యా!”

పెద్దసారంటే పిల్లల మధ్య కూర్చున్న వెంకోబారావు గారే. సంఘాధ్యక్షులు అయోమయంగా వారినే అడిగారు: “ఇంతకీ ఈ పాఠం ఏ శాఖదండీ?”

“అది తెలీకనే ఆరేండ్లుగా చెప్తాండాను స్వామీ. తెలిసిననాడు ఆపేస్తాను.”

నవ్వాపుకోలేక అధ్యక్షులు, వెంకోబారావు గారి పూచీ మీద కోర్సు కొనసాగవచ్చని రాసి వెళ్లారు.

ఇప్పుడు పూచీ పడినవారే పదవీ విరమణ చేస్తున్నారు. కోర్సు ఏం కావాలి? గతవారం ప్రిన్సిపాల్ శ్రీపాదరావు గారు అడిగితే మూడు శాఖలూ ఒకదాన్నొకటి చూపించాయి. వెంకోబారావు గారే అన్నారు: “జీతమొద్దు, శనివారాలు నేనొస్తా. పూచీ మాత్రం ఈ పిల్లలిద్దరి పేర్ల మీద రాసుకోండి.”

ఆ పిల్లలం నేనూ, మే నెలలో నా భర్త అయిన రంగనాథ గారూ. “ఏ శాఖ అని రాయను?” అన్నారు ప్రిన్సిపాల్. మేమిద్దరం ఒకేసారి చెరో శాఖ పేరు చెప్పాం. ఇంట్లోనూ అంతే, ఒకేసారి మాట్లాడి, ఒకేసారి నవ్వుతున్నాం. ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి ఆ చోటు ఖాళీగా వదిలి సంతకం చేశారు. కోర్సు నిలిచింది, ఏ శాఖదో మాత్రం తెలియలేదు.

జూలై మొదటి శనివారం ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్క సీటు వెంకోబారావు గారిదే. “ఈపారన్నా ఒకరైనంక ఒకరు మాట్లాడమను” అని ఈరమ్మ అప్పుడే కబురంపింది. ప్రిన్సిపాల్ గారు వదిలిన ఆ ఖాళీని ఎవరూ పూరించకుండానే, పిల్లల మధ్య ఆ పెద్దసారు నిండు ఆరోగ్యంతో చిరకాలం కూర్చుని ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

– జయలక్ష్మి, తెలుగు ఉపన్యాసకురాలు
జూన్ 1986