రాతి పాదం

కొండపల్లి బస్టాపు. కొండ మీద పాడుబడిన గుడి చూసి దిగివచ్చిన నలుగురిలో ఇద్దరు టీ తాగడానికి వెళ్ళారు. మిగిలింది ఆమె, అతను. ఇద్దరి మధ్య ఆమె బ్యాగు తెరిచి ఉంది.

"ఇది నా బ్యాగులోకి ఎలా వచ్చింది?"

"మెల్లగా మాట్లాడు. చిన్న రాతి పాదమేగా. అక్కడ విరిగి పడుంది."

"ఎలా వచ్చిందని అడిగాను."

"నేనే పెట్టాను. ఆడపిల్ల బ్యాగు గుడి వాచ్‌మన్ చూడడుగా."

"చూడలేదు. మీ ముగ్గురివీ విప్పించి, నన్ను మాత్రం 'నువ్వెళ్ళమ్మా' అన్నాడు. పొద్దున మనకి మంచినీళ్ళిచ్చింది కూడా ఆయనే."

"ఎవరికీ తెలీదులే. ఇంక వదిలెయ్."

"గేటు దాటగానే వచ్చి, 'అలిసిపోయావు, బ్యాగు నాకివ్వు' అన్నావు. నా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయి, నిన్ను కష్టపెట్టడం ఎందుకని నేనే మోసుకొచ్చాను."

"అది కాదు. ఆ కాలికి గజ్జెలున్నాయి చూడు. నువ్వు కూచిపూడి నేర్చుకుంటున్నావుగా, నీ పుట్టినరోజుకి ఇద్దామని..."

"నాకోసమే అయితే నీ బ్యాగులో పెట్టుకుని తెచ్చేవాడివి."

"సరే, తప్పే. ఎక్కడికి లేస్తున్నావు? బస్సు వచ్చేస్తోంది."

"పైకి. ఆయన చేతికిచ్చి వస్తాను."

"పిచ్చా నీకు? కేసు పెడతారు. ఎవరు తీశారని అడిగితే ఏం చెప్తావు?"

"నీ పేరు చెప్తాను."

"ఆగు, నేనూ వస్తాను. ఆ బ్యాగు ఇలా ఇవ్వు, మోస్తాను."

"ఆ మాట ఇందాకే ఒకసారి నమ్మాను. చేతులూపుకుంటూ వెనకాలే రా."