ఇరవయ్యో తూటా అడుగున ఆకుపచ్చ

ఆల్డర్ ఫోర్క్ కౌంటీ షెరీఫ్ కార్యాలయం, మోంటానా. 2019 సెప్టెంబరు 19, గురువారం, ఉదయం 9:20. డిప్యూటీ లోయెల్ ప్రుయిట్ ఎదుట చెప్పినది.

నా పేరు మారిట్ ట్వైట్. వయసు ఇరవై నాలుగు. ధాన్యం పరీక్షశాలలో పని చేస్తున్నాను. రైతులు తెచ్చిన గోధుమను తూచి, తేమ ఎంతుందో చెప్పడం నా పని. తూచడమే నా ఉద్యోగం. ఈ మాట ముందు రాసుకోమని కోరుతున్నాను.

ఓరిన్ ట్వైట్ మా నాన్న. వయసు అరవై ఒకటి. పశువులు పెంచుతారు. ఆయనకు చదవడం రాదు. అంకెలు చదువుతారు, తన పేరు రాస్తారు. అంతకు మించి అక్షరాలు ఆయనకు కుదురుగా నిలబడవు. ఇంట్లో పై చదువులు చదివింది నేనొక్కదాన్నే. ఉత్తరాలు, పశువుల మందు డబ్బాలు, పన్ను కాగితాలు, అన్నీ ఆయనకు నేనే చదివి పెడతాను.

మా ఇంట్లో ఉన్న రైఫిల్ మా ముత్తాతది. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చేది. తుపాకి గొట్టం వెనక చిన్న మూత పైకి లేస్తుంది, తూటా పెట్టి మూత వేయాలి. మేం దాన్ని మూత తుపాకి అంటాం. నూట ముప్పై ఏళ్ళ నాటి ఇనుము. దానికి తూటాలు మేమే ఇంట్లో నింపుకుంటాం.

ఆ తూటా కొలతకు, తూటాలు నింపే లెక్కల పుస్తకంలో మూడు పట్టికలు ఉంటాయి. మొదటిది మా తుపాకి లాంటి పాతవాటికి. రెండోది వాటికంటే గట్టివాటికి. మూడోది ఈ కాలపు గట్టి ఉక్కు రైఫిళ్ళకు మాత్రమే. తూటా గొట్టం ఒకటే, ముందుండే సీసం గుండు ఒకటే, లోపలి తుపాకి మందు జోరు వేరు. మూడో పట్టిక తూటా మా తుపాకిలో కూడా చక్కగా దూరుతుంది. దూరినంత మాత్రాన తుపాకి తట్టుకోదు.

సెప్టెంబరు 8, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వంటింటి బల్ల మీద ఇరవై తూటాలు నింపాం. మొదటి పట్టికలో కనిష్ఠ కొలత దగ్గరే ఉన్నాం. నాన్న ఎప్పుడూ పైకి పోరు. నేను పేజీ చదివాను. నాన్న తిరిగి చెప్పారు. మందు డబ్బా మీది పేరు చదివాను. తిరిగి చెప్పారు. ప్రతి కొలతా ముందు నేను తూచాను, తర్వాత ఆయన త్రాసు మీది అంకె చూశారు. ఇరవైకి ఇరవై అలాగే. నింపాక ఒక్కొక్క తూటా అడుగున గోళ్ళ రంగు చుక్క పెట్టాను. ఆకుపచ్చ. కాలేజీ పట్టా తీసుకున్న రోజు వేసుకోవడానికి కొన్న సీసా అది. ఒక్కసారే వేసుకున్నాను. మిగిలిందంతా తూటాలకే పోతోంది.

తూటాలు నిలబెట్టే మా దిమ్మ కర్రది, ఇరవై రంధ్రాలు. తూటాలను గుండు పైకి వచ్చేలా నిలబెట్టాను. గుండు కిందికి పెట్టి ఉంటే ఆకుపచ్చ పైకి కనిపించేది. ఈ తప్పు నాది. రాసుకోండి.

సెప్టెంబరు 14, శనివారం ఊరి తుపాకి క్లబ్బు వారి శరత్కాలపు పోటీ. ఐదు వందల గజాల దూరాన ఇనుప దున్నపోతు బొమ్మను కొట్టాలి. పక్క బల్ల రాండల్ కెస్సెల్‌ది. వయసు యాభై ఐదు, క్లబ్బు కార్యదర్శి. ఆయనది కొత్త రైఫిల్. ఆయన నింపేది మూడో పట్టిక. ఆయన డబ్బా మీద ఆయన చేత్తోనే రాసి ఉంది: కొత్త తుపాకికి మాత్రమే. క్లబ్బులో సీసం గుండ్లు పోసే అచ్చు ఒక్కటే ఉంది, అది ఇంటింటికీ తిరుగుతుంది. అందుకే మా గుండ్లూ ఆయన గుండ్లూ పైకి ఒకేలా ఉంటాయి.

మా తూటాలు మెల్లవి. పేలిన తర్వాత ఇనుము మోగడానికి కాసేపు పడుతుంది. కెస్సెల్ ఆగలేదు.

"ఓరిన్, నువ్వు కాల్చు. మేం వెళ్ళి కాఫీ తాగొస్తాం. అప్పటికి మోగుతుందిలే."

"వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్టుకురా," అన్నారు నాన్న. మోగింది. అందరూ నవ్వారు. కెస్సెల్ నా వైపు తిరిగాడు.

"ఏం పంతులమ్మా, చెంచాతో పోస్తున్నావా మందు? మీ నాన్న భుజానికి దెబ్బ తగిలి ఎన్నాళ్ళయిందో."

"పుస్తకంలో ఉన్నంత పోశాను," అన్నాను.

"పుస్తకం రాసినోడు భయస్తుడమ్మా."

అప్పటికి నాన్న ఆరు కాల్చారు, ఐదు తగిలాయి. కెస్సెల్‌కు మూడే తగిలాయి. 11:40కి నాన్న ఆపిల్ పై ముక్క తినడానికి గుడారంలోకి వెళ్ళారు. నేను పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి సంచిలో వేస్తున్నాను. తల ఎత్తేసరికి కెస్సెల్ మా బల్ల దగ్గర ఉన్నాడు. చేయి దిమ్మ మీద ఉంది. "చూస్తున్నాలే," అన్నాడు. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ తెలియదు.

12:05కి నాన్న ఏడోది పెట్టారు. అడుగు చూడలేదు. ఎందుకు చూస్తారు? అది నేను సర్దిన దిమ్మ.

చప్పుడు వేరుగా వచ్చింది. మూత విరిగి వెనక్కి ఎగిరింది. నాన్న కుడి కన్ను పోయింది. కుడి బొటనవేలు పోయింది. ఆయన టోపీ బల్ల మీద అలాగే ఉంది, దానికి ఏమీ కాలేదు. కెస్సెల్ అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. నాన్న దగ్గరికి రాలేదు. బల్ల దగ్గరికి వచ్చాడు. "శుభ్రం చేస్తా," అన్నాడు. నేను దిమ్మ మీద రెండు చేతులూ పెట్టి, ముట్టుకుంటే చేయి విరిచేస్తానన్నాను. అది బెదిరింపే. కాదనను.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. చదువుకున్న పిల్ల తప్పు తూచింది. సోమవారం గోధుమ తెచ్చిన ఒక రైతు తన నమూనాను ఇంకొకరితో తూయించమన్నాడు. నా ఎదుటే అన్నాడు.

అదే రోజు మీరు ఆసుపత్రికి వెళ్ళి నాన్న చేత చెప్పించుకున్నారు. "మందు నేనే పోశాను, నేనే ఎక్కువ పోశాను," అని ఆయన చెప్పారు. కింద ఎడమచేత్తో గీసిన గీత ఉంది. అది అబద్ధం. నా కోసం ఆడిన అబద్ధం. మీకు చెప్పే ముందు నన్ను ఒకటే అడిగారు. "ఏ పేజీ చదివావమ్మా?" అన్నారు. కోపంగా అడగలేదు. చాలా మెల్లగా అడిగారు. కోపంగా అడిగినా బాగుండేది. కెస్సెల్ మీద ఉన్నంత కోపం నాకు ఆ ప్రశ్న మీదా ఉంది.

నేను మొదటి పట్టిక చదివాను. మొదటి పట్టికే చదివాను.

తుపాకిలో ఇరుక్కున్న తూటా గొట్టం అడుగున ఆకుపచ్చ లేదని శనివారమే మీకు చూపించాను. మంటకు కాలిపోయి ఉంటుందన్నారు. సరే. సంచిలో పేలినవి ఆరు, ఆరింటికీ రంగు ఉంది. దిమ్మలో పేలనివి పదమూడు, అన్నింటికీ ఉంది. మొత్తం పందొమ్మిది. ఇరవయ్యోదాని రంగు కాలిపోయిందని మీరన్నారు.

ఇరవయ్యోది ఇదిగో, మీ బల్ల మీద పెడుతున్నాను.

మొన్న మంగళవారం సాయంత్రం ఐదున్నరకు కెస్సెల్ భార్య వెర్నా మా ఇంటికి వచ్చింది. చేతిలో పాత్రలు తుడిచే తువ్వాలు, ఏదో చుట్టి ఉంది. విప్పి పొయ్యి పక్కన పెట్టింది. లోపల తూటా, తడిగా ఉంది. అడుగున ఆకుపచ్చ ఉంది.

"బట్టల మెషిన్‌లో దొరికింది. శనివారం వేసుకున్న చొక్కా జేబులోది," అంది.

"ఆయన ఏమన్నాడత్తా?"

"సరదాకి ఒక్కటి మార్చాడట. ఒక్కటేగా అన్నాడు. ముసలోడి భుజం అదిరితే చూద్దామనుకున్నాడట." కుర్చీ లాక్కుంది, కూర్చోలేదు. "ఇరవై ఆరేళ్ళుగా ఆయన సరదాలన్నీ నేనే ఉతుకుతున్నా. ఇది ఉతకను. నా పేరు రాయించు. సాక్షుల్లో ముందు నా పేరే రాయించు."

రాయించాను. ఆమె బయట మీ బెంచీ మీద ఉంది. పిలవండి.

తూటాను మీ నిపుణుడి చేత విప్పించి మందు తూయించండి. కెస్సెల్ డబ్బాలోది ఒకటి కూడా విప్పించి పక్కన పెట్టించండి. మీరూ ఆ క్లబ్బు సభ్యులే, అందుకని వేరే కౌంటీలో చేయించమంటున్నాను. ఈ మాట కొట్టేయకుండా రాయాలి.

చివరిగా ఒకటి. మా నాన్నకు ఇన్నాళ్ళూ అన్నీ నేనే చదివి పెట్టాను. ఈ కాగితం మాత్రం నేను చదవను. మీరు వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, మొదటి నుంచి చివరి వరకూ ఆయనకు చదవాలి. మొదటి పట్టిక అన్న చోట రెండుసార్లు చదవాలి.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. రాసిన తర్వాత నేనే ప్రతి పంక్తీ చదువుకున్నాను. రెండు చోట్ల అంకెలు తప్పు పడితే దిద్దించాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు ఉంది. దీనికి నేను కట్టుబడి ఉంటాను.

సంతకం: మారిట్ ఓరిన్ ట్వైట్
ఉదయం 10:35